హైడ్రూన్ పడకగదిలో మబ్బు

వుప్పర్టాల్ నగరంలో ఒక పాత భవనం పై అంతస్తులో ఉండే హైడ్రూన్ పొద్దున్నే కోటు తొడుక్కుని కిటికీలన్నీ బార్లా తెరుస్తుంది. పది నిమిషాలు చలిలో నిలబడి, మూసేసి, ఏ వేళకు తెరిచిందో నోటుపుస్తకంలో రాసుకుంటుంది. రోజుకు నాలుగుసార్లు ఇదే పని. కిటికీ తెరవక ఇల్లు చెమ్మ పట్టించుకున్న అద్దెదారు మొర అక్కడ ఏ కోర్టూ వినదు మరి.

ఆమె పడకగదిలో మూడేళ్ళుగా ఒక మబ్బు ఉంటోంది. దుప్పటంత ఉంటుంది, సరిగ్గా మంచం మీదే కురుస్తుంది. సంతకం కోసం వచ్చే పోస్టుమాన్ గొడుగు వేసుకునే లోపలికొస్తాడు. గోడలు బూజు పట్టాయి. గది బాగుచేయించమని ఆరు ఉత్తరాలు రాసినా ఇంటి యజమాని టీలెమన్ ఉలకలేదు, పలకలేదు. ఆమె అద్దె ఐదో వంతు తగ్గించి కట్టగానే మాత్రం ఇల్లు ఖాళీ చేయమని దావా వేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఉంటున్న ఇల్లు. చచ్చినా కదలకూడదనుకుంది హైడ్రూన్.

గది చూడడానికి జడ్జిగారు స్వయంగా వచ్చారు.

“ఇదంతా ఈవిడ కాచే సూపుల ఆవిరండీ,” అన్నాడు టీలెమన్. “కిటికీ తెరిస్తే పోయేదానికి నా ప్రాణం తోడేస్తోంది.”

“రోజూ నాలుగుసార్లు తెరుస్తున్నా. ఇదిగో పుస్తకం.”

“పుస్తకంలో ఏదైనా రాస్తారు. ఏదీ, ఇప్పుడు తెరవండి తల్లీ, చూద్దాం!”

హైడ్రూన్ తెరిచింది. మబ్బు మెల్లగా కదిలి బయటికి వెళ్ళిపోయింది. టీలెమన్ మొహం చేటంత అయింది.

“చూశారా? నేను చెప్పలా?”

“తొందరపడకండి. అది రోజూ పోతుంది, రోజూ వస్తుంది,” అంది హైడ్రూన్. ఏ దారిన వస్తుందో ఆమెకూ తెలియదు.

జడ్జిగారు కిటికీలోంచి తల బయటపెట్టి, పైకి చూశారు. మబ్బు గోడ వెంబడి పాకి, కప్పు మీద పగిలిన పెంకుల సందులోకి దూరింది.

“ఇక కిటికీలు మూయండి,” అన్నారు జడ్జిగారు.

మూసిన కాసేపటికి సీలింగు చెమర్చింది. మబ్బు బొట్టుబొట్టుగా దిగి, ఒళ్ళు కూడదీసుకుని, ఈసారి మంచాన్ని వదిలి టీలెమన్ నెత్తిన కురవడం మొదలుపెట్టింది.

“తప్పు కప్పుదండీ, కిటికీది కాదు,” అన్నారు జడ్జిగారు. “అది బాగయ్యేదాకా అద్దె తగ్గింపు న్యాయమే. ఖాళీ చేయమనే దావా చెల్లదు.”

హైడ్రూన్ తడి మంచం మీదే కూలబడింది. మూడేళ్ళలో మొదటిసారి ఏడ్చింది.

“అయితే నేను ఇక్కడే ఉంటానా?”

“ఇక్కడే ఉంటారు,” అన్నారు జడ్జిగారు, సీలింగు బొట్లు పడకుండా తన గొడుగు ఆమె తలకు పట్టి.