హవాయిలో పెరిగిన అన్నయ్య

చామదుంప జిగురు చేతికి పట్టుకుంటే ఒక పట్టాన వదలదు, చింతపండు రుద్దినా వదలదు, ఈ ఎడారికి ఇవి ఏ దేశం నుంచి దిగుతాయో గాని నిన్న దోహా వెళ్ళినప్పుడు కొట్లో కనిపించగానే సుభాషిణి సంచీ నింపుకుంది, తాముండే ఈ మెసయీద్‌లో ఏముంది కనక, ఎరువుల ఫ్యాక్టరీ కంపు, కంపెనీ క్వార్టర్లు, ఓడల కూతలు, వేపుడు చేస్తే పిల్లలు తింటారని కొంది, నాన్నయితే వేపనిచ్చేవాడా, ఉడకబెట్టి తొక్క తీసి రోట్లో మెత్తగా దంచి, నీళ్ళు కలిపి, పులిసేదాకా మూతపెట్టి, వేళ్ళతో నాక్కుంటూ తినేవాడు, అది వాళ్ళమ్మ పుట్టిన దీవిలో తిండి, హవాయి, పసిఫిక్ సముద్రం నడిమధ్యన, కాకినాడ జగన్నాథపురంలో ఆ పేరు నోరు తిరిగినవాడు లేడు, ఏటమ్మా, మీ ఆయన ఆ జిగురే తింటన్నాడా అని ఇరుగమ్మలు నవ్వితే అమ్మ తల దించుకునేది, ఈయన ఓడెక్కేస్తే నా ప్రాణం హాయిగా ఉంటదే అని గొణిగేది, ఓడెక్కాక మళ్ళీ కుమిలేది, సరే, ఇవన్నీ ఇప్పుడెందుకు, ఫోను మోగేలోగా వంట కావాలి, శుక్రవారం కదా, కాసేపట్లో కాకినాడ నుంచి తోడికోడలు ఇందిరాదేవి ఫోను చేస్తుంది, మీ చిన్నవాడు విశాల్‌ని మాకు దత్తత ఇస్తున్నట్టేనా అని అడుగుతుంది, అవునని ఒక్క మాట చెప్పాలి.

చెప్పాలిట, చెప్పాలని శ్రీరామమూర్తి ఎప్పుడో తేల్చేశాడు, తండ్రి పోయాక తనని పెంచి పెద్దచేసిన అన్నయ్య అడిగితే మొగుడుగారి నోట కాదనే మాట వస్తుందా, ఫ్యాక్టరీలో అంతమంది మీద యల్లా యల్లా అని తొందరపెట్టి అరిచే మనిషి అన్నయ్య గొంతు వినగానే ఫోను ముందు లేచి నిలబడతాడు, నన్నడక్కుండా ఎలా ఒప్పుకున్నారండీ అంటే, బయటివాళ్ళకా ఇస్తున్నాం, ఇంటిపేరు మారదు, గోత్రం మారదు, జ్యేష్ఠుణ్ణి ఇవ్వకూడదని వాళ్ళకీ తెలుసు, పెద్దవాణ్ణి అడగలేదుగా, అన్నాడు, అంటే చిన్నవాడు కొసరన్నమాట, కూరగాయల మీద వేసే కరివేపాకు రెబ్బ, కువైట్ యుద్ధంలో క్వార్టర్లన్నీ ఖాళీ చేసి అందరూ పిల్లల్ని ఊళ్ళకి పంపేస్తుంటే నెలల గుడ్డుని గుండెకి కరుచుకుని ఉండిపోయింది ఇందుకా, ఇప్పటికీ వాడికి ఆమె చెవి తమ్మె పట్టుకుంటేగాని నిద్ర రాదు, ఇందిరాదేవి చెడ్డమనిషి కూడా కాదు, అదే గొడవ, చెడ్డదైతే నాలుగు తిట్లు తిట్టి నిద్రపోవచ్చు, పాపం పిల్లల కోసం మొక్కని దేవుడు లేడు, కిందటి వారం ఎంత మెత్తగా చెప్పిందో, సుభా, తంతు అయిపోయాక వాడు నన్ను అమ్మా అనాలి, నిన్ను పిన్నీ అనాలి, నువ్వు మాత్రం రెండేళ్ళపాటు ఇటు రాకు తల్లీ, నువ్వు కనపడితే వాడు నాకు మాలిమి అవడు, అంది, సుభాషిణి ఊఁ అంది, ఎందుకందో తనకే తెలియదు.

కొడుకుని ఇచ్చేసినోడి రక్తం కదే నీది, అనేది అమ్మ బతికుంటే, తాత కోరంగి నుంచి ఓడల్లో పనికి పోయినవాడు, హవాయిలో హొనొలులు రేవులో జబ్బుచేసి దిగిపోయి, అక్కడే ఒక దీవిపిల్లని కట్టుకుని, చివరికి కొడుకుని మాత్రం వెంటపెట్టుకుని తిరిగొచ్చాడు, ఆ కొడుకే నాన్న, సత్యనారాయణ, రింగుల జుట్టు, వెడల్పు ముక్కు, తలుపుకి పట్టని భుజాలు, ఓడపని తప్ప ఇంకోటి తెలియదు, అమ్మకి తొలికాన్పులో మగపిల్లాడు, సుభాషిణి ఇంకా పుట్టలేదు, పిల్లాడు పాలు మానాక మా అమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నానని నాన్న ఓడెక్కించాడు, చూపించి తెస్తాడనుకుంది అమ్మ, ఒక్కడే దిగాడు, వాడేడయ్యా అంటే, మా అమ్మకి పెంచమని ఇచ్చాను, మా వాళ్ళలో మొదటి బిడ్డ నానమ్మ దగ్గరే పెరగాలి, వాడు ఆవిడ కొడుకూ అవుతాడు నీ కొడుకూ అవుతాడు, వస్తాడు పోతాడు, అన్నాడట, ఇందులో విడమరిచి చెప్పాల్సిందేముందన్నట్టు అన్నాడట, వస్తాడట, పోతాడట, వీధి చివర ఇల్లనుకున్నాడో ఏమో, అమ్మ సొమ్మసిల్లిపోయింది, మేనమామలు కర్రలు తీశారు, జ్యేష్ఠుణ్ణి ఇచ్చేవాడు మనిషేనా, అమ్ముకునుంటాడు, ఇచ్చేశాక ఇంకేముంది, వాడితో మనకి రుణం తీరిపోయింది, వాడి మైల మనకి లేదు మన మైల వాడికి లేదు, అని పెద్దలు తేల్చారు, అమ్మ తలారా స్నానం చేసింది, ఆ పేరు మళ్ళీ పలకలేదు, సుభాషిణికి ఊహ తెలిసేసరికి నాన్న అంటే ఎప్పుడో ఒకసారి ఓడ దిగొచ్చే పిల్లల దొంగ, ఎత్తుకోబోతే గిల్లేది, నన్నెవరికి ఇచ్చేస్తావో అని ఏడ్చేది, ఆయన నవ్వి కిందికి దించేసేవాడు, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆమె ఓణీ వేసిన ఏడు నాన్న ఒక్కడే రాలేదు, వెనకాల ఇంకో జత భుజాలు, అవే రింగులు, అచ్చం తను అద్దంలో చూసుకునే ముక్కే, అన్నయ్య, తెలుగు రాదు, ఒక్క మాట వచ్చు, దారంతా నాన్న వల్లె వేయించి ఉంటాడు, గుమ్మంలో నిలబడి పెద్ద గొంతుతో అమ్మా అన్నాడు, పంతులుగారికి పద్యం అప్పజెప్పినట్టు, అమ్మ కొంగు భుజాల నిండా కప్పుకుంది, కుర్చీ వేయించింది, రండి బాబూ, కూర్చోండి, మీ అమ్మగారు కులాసాగా ఉన్నారా, అంది, పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళని అడిగినట్టు, ఏమందని అన్నయ్య నాన్న మొహంలోకి చూశాడు, నాన్న ఇంగ్లీషూ దీవి భాషా కలిపి ఏదో చెప్పాడు, పొడుగ్గా, మెత్తగా, అమ్మ అన్నది అంత లేదు, అన్నయ్య మొహం విచ్చుకుంది, లేచి వచ్చి వంగి అమ్మ నుదుటికి నుదురూ ముక్కుకి ముక్కూ ఆనించబోయాడు, వాళ్ళ పలకరింపు అది, అమ్మ గోడదాకా జరిగిపోయింది, అరుగు మీదే ఆకు వేసి వడ్డించింది, అడిగి అడిగి మరీ వడ్డించింది, చుట్టాలకి మర్యాదలో లోటు రాకూడదుగా, నాన్న ఆ పూట మెతుకు ముట్టలేదు, రాడన్నావుగదే, వచ్చాడు చూడు, నీ కొడుకే, అన్నాడు ఒక్కసారి, ఇచ్చేసిన బిడ్డ నా బిడ్డ ఎట్టా అవుతాడండీ, అంది అమ్మ, మర్నాడు ఇద్దరూ వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు, కొన్నేళ్ళకి నాన్న ఆ దీవిలోనే పోయాడని ఓడవాళ్ళెవరో కబురు చెప్పారు, కొడుకుని అమ్ముకుని పెళ్ళాన్ని వదిలేసినోడు అంది ఊరంతా, సుభాషిణి కూడా అదే నమ్మింది, ఏడవలేదు.

ఫోను మోగుతోంది, సుభా, వదిన, తొందరగా రా, లైను పోతుంది, అని శ్రీరామమూర్తి కేక, చేతులు కొంగుకి తుడుచుకుని రిసీవరు అందుకుంది, ఏమ్మా, ఏం అనుకున్నావు, అంటోంది ఇందిరాదేవి, ఆ గొంతులో ఆశ వింటే జాలేసింది, అక్కయ్యా, వాణ్ణి మీ దగ్గర పెంచుకోండి, అక్కడే చదువుకోనివ్వండి, మిమ్మల్ని అమ్మా అంటాడు, నన్నూ అమ్మా అనే అంటాడు, నేనొచ్చినప్పుడు నా పక్కలో పడుకుంటాడు, సెలవులకి వస్తాడు, పోతాడు, అంది సుభాషిణి, అంటూనే ఉలిక్కిపడింది, ఈ మాటలు తనవి కావు, ఎప్పుడో ఎవరో అన్నవి, ఎవరూ చెవిన పెట్టనివి, అదేంటి సుభా, అలా అయితే దత్తతెందుకవుతుంది, నువ్వు తెంచుకుంటేనే కదా వాడు మాకు దక్కేది, మీ బావగారు ముహూర్తం కూడా పెట్టించేశారు, అంది ఇందిరాదేవి, శ్రీరామమూర్తి ఎదురుగా నిలబడి చేతులు తిప్పుతున్నాడు, ఊఁ అను, ఊఁ అను, అని, అయితే వద్దక్కయ్యా, తెంచి ఇవ్వలేను, నన్ను తిట్టుకోండి, అని ఫోను పెట్టేసింది, మొగుడి మొహం మాడిపోయింది, మాడనీ, నాల్రోజులు మాట్లాడడు, వాళ్ళన్నయ్య ముందు తల ఎత్తలేడు, ఎత్తకపోనీ, ఏడుపొస్తుందనుకుంది, రాలేదు, నాన్న మీద ఇన్నేళ్ళూ దాచుకున్న కోపం కోసం తడుముకుంటే అది కూడా దొరకలేదు, అడక్కుండా తీసుకెళ్ళడం తప్పే, ముమ్మాటికీ తప్పే, ఆ తప్పు ఆయనదే, కాని అక్కడితో చేతులు దులుపుకోలేదు, పిల్లాడికి అమ్మా అనడం నేర్పి, సముద్రాలు దాటించి, తీసుకొచ్చి అమ్మ ఎదురుగా నిలబెట్టాడు, అన్నయ్యని నాన్న ఇచ్చెయ్యలేదు, ఇచ్చేసింది అమ్మ.