అక్క వాటా

కేపూకి ముందు బొటనవేలు తీశారు. తర్వాత పాదం. ఆ తర్వాత మోకాలి దాకా, ఆపైన రెండో కాలు. చివరికి శవపేటికలో పడుకోబెడితే కింద సగం ఖాళీగా మిగిలింది. మోసేటప్పుడు మనిషి జారకుండా ఆడవాళ్లు ఆ ఖాళీలో చాపలు మడిచి కుక్కారు.

"షుగరు" అన్నారు వచ్చినవాళ్లంతా, వాన పడిందన్నంత మామూలుగా. టోంగా దీవుల్లో ఆ మాట గడప తొక్కని ఇల్లు లేదు.

కేపూ పుండ్లు కడిగింది తమ్ముడు లోపెతే. ఇప్పుడు వంటలూ వాటాలూ చూడాల్సిందీ అతనే. చావుకి గుర్తుగా కట్టే చిరుగుల పెద్దచాప నడుముకి చుట్టుకుని ఇంటి వెనక నేలపొయ్యిల పొగలో నిలబడ్డాడు. చావింట్లో తమ్ముడి చోటు అది. ముందు గదిలో, శవం తల దగ్గర చోటు అక్క లతైది.

అక్కడ అక్కంటే ఉత్త అక్క కాదు, ఇంటికి దొర. తమ్ముడెంత మొనగాడైనా ఆమె ముందు గొంతు లేవకూడదు. పెద్దయ్యాక ఇద్దరూ ఒక కప్పు కింద పడుకోకూడదు. ఆమె ఒంటి గురించి మంచిగా గానీ చెడ్డగా గానీ నోరెత్తకూడదు. ఆమె మేనల్లుళ్లకి ఆమె మాటే శాసనం. పెళ్లిలోనైనా చావులోనైనా మొదటి వాటా, పెద్ద వాటా ఆమెకే. ఇదంతా లోపెతికి తల్లిపాలతో పాటు వచ్చింది. దాంతో అతనికి ఏనాడూ పేచీ లేదు. పేచీ అంతా ఆ వాటాలో ఏం పెడుతున్నారన్నదే.

తాతల నాడు పెండలం పెట్టారు, పందిని పెట్టారు. తండ్రి నాటికి డబ్బాల్లో గొడ్డుమాంసం వచ్చింది. ఇప్పుడు అట్టపెట్టెలు. ఓడల్లో గడ్డకట్టి దిగే గొర్రె పొట్టమాంసం, కండ తక్కువ, కొవ్వెక్కువ. ఆ గొర్రెల్ని మేపిన దేశం వాడు దాన్ని తన పళ్లెంలో పెట్టుకోడు. "వాడికి గొంతు దిగనిది మనకి గౌరవమై కూచుంది" అనేవాడు లోపెతి. అనడం వరకే. చేమాకులో చుట్టి, కొబ్బరిపాలు పోసి ఉడికిస్తే అతనూ వేళ్లు నాక్కుంటూ తిన్నాడు. నాలుకకి నీతేముంది? పెట్టెలు తేగలిగినవాడు పెద్దమనిషయ్యాడు, దుంప తవ్వేవాడు గతిలేనివాడయ్యాడు. తోటలు చాలావరకు బీడు పడ్డాయి.

శవానికి దండం పెట్టడానికి లోపెతి ముందు గదిలోకి వెళ్లాడు. అక్క ఎదుట తల దించుకోవాలి. దించుకుంటే కనపడేది కాళ్లే. లతై ఎడమ పాదానికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ పసుపుపచ్చగా తడిసింది. దాని మీద ఈగలు ముసిరాయి. ఆమె కాలు కదపలేదు, తోలలేదు. అవి వాలినట్టే ఆమెకి తెలియలేదు. కేపూకి కూడా తెలిసేది కాదు.

వెనక్కొచ్చి పెళ్లాం వీకాని పక్కకి లాగాడు.

"వెళ్లి చెప్పవే అక్కకి."

"ఏమని? వదినా, నీ కాలు కుళ్లుతోందనా?"

"నేను అనకూడదు. నువ్వనొచ్చుగా."

"అన్నానయ్యా! పోయిన నెల నర్సమ్మని కూడా వెంటబెట్టుకెళ్లా. 'ఆసుపత్రికి రెండు కాళ్లతో వెళ్లిన మా అన్న ఎన్ని కాళ్లతో వచ్చాడే' అంది. అంతటితో ఊరుకుందా? 'నాకొచ్చే వాటా చూసి నీకు కళ్లు మండుతున్నాయా' అంది. ఇంక నన్ను పంపకు నీకు పుణ్యముంటుంది."

గోడవారన అట్టపెట్టెలు దొంతరగా పేర్చి ఉన్నాయి. పినతండ్రి కొడుకు సెమిసి పొద్దున్నే తన బండిలో కొట్టు నుంచి తెచ్చి దింపాడు. లోపెతి వాటిని కాసేపు చూశాడు.

"సెమిసీ, వీటిని కొట్టుకి తిరిగిచ్చెయ్."

"ఏం, కంపు కొడుతున్నాయా?"

"తీసుకెళ్లమన్నానా!"

గడ్డపార భుజాన వేసుకుని తోటకి నడిచాడు. పెండలం ఇంకా తవ్వే ఈడుకి రాలేదు. అయినా తవ్వాడు. గర్భం చీల్చి బిడ్డని తీస్తున్నట్టు ఒక్కో దుంపనీ పైకి తీశాడు.

మట్టి ఇచ్చి వచ్చాక అందరూ ముంగిట్లో కూచున్నారు. కొబ్బరాకు తట్టలో ఉడికిన పెండలం, కాల్చిన చేపలు, చేమాకు కూర పెట్టి లోపెతి అక్క ముందు దించి, తల వంచుకుని వెనక్కి జరిగాడు.

"ఒరేయ్ లోపెతీ," సెమిసి పెద్దగా అరిచాడు, "నీకు ఫ్రిజ్జు చెడిందా, బుద్ధి చెడిందా?"

చావిల్లని మరిచి నవ్వారు. ఒక ముసలమ్మ మూతి తిప్పింది. "మా పేటలో కుక్క చచ్చినా ఇంతకంటే బాగా పెడతారు."

"రాజులు తిన్న కూడు పెద్దమ్మా. నీ పెళ్లి విందులో నువ్వు తిన్నదీ ఇదే" అన్నాడు లోపెతి తల ఎత్తకుండా.

"నా పెళ్లప్పుడు కొనడానికి కొట్టెక్కడుంది రా, సన్నాసీ!"

లతై పెండలం ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. ఎవరి వైపూ చూడకుండా అడిగింది.

"మా అన్న అడుక్కుతిని చచ్చాడా?"

తట్ట పక్కకి నెట్టింది.

"లతైకి అన్న చావులో దుంపలు పెట్టారని రేపు ఊరంతా చెప్పుకుంటుంది. సెమిసీ, ఆ పెట్టెలు మళ్లీ పట్రా. మా ఇంటికి వాటిని నా తమ్ముడే మోస్తాడు."

మోశాడు. ఆపైన మడుగు, బండి వీధి మలుపు వరకే వెళ్తుంది. అక్కడి నుంచి ఒక్కో పెట్టె భుజాన పెట్టుకుని, కిటికీల్లోంచి ఊరు చూస్తుండగా, లతై ఇంటి అరుగు మీదికి చేర్చాడు. కొవ్వు మంచు మెడ మీదుగా కారింది. అవమానం సంగతి అతనికి తర్వాత గుర్తొచ్చింది. ముందు గుర్తొచ్చింది, ఆ పెట్టెల్లో ఉన్నదంతా ఆమె తింటుందని.

లోపలికి వెళ్లకూడదు. గుమ్మానికి వీపు తిప్పి మెట్టు మీద కూచున్నాడు.

"పెట్టేశావుగా, ఇంక వెళ్లు" అంది లతై లోపలి నుంచి.

"అన్న సంగతొకటి చెప్పి వెళ్తాను అక్కయ్యా."

"పోయినవాడి సంగతి ఇప్పుడెందుకు?"

"పోయినవాడి ఒంటి గురించి ఎవరైనా మాట్లాడొచ్చు. అందుకని." మెడ మీది తడి తుడుచుకున్నాడు. "అన్నకి పుండు చిన్నదే మొదట. చేపలకి వెళ్తే ఆల్చిప్ప కోసుకుంది. అదే తగ్గుతుందిలే అన్నాడు. గుడ్డ చుట్టాడు. గుడ్డ తడిస్తే ఇంకో గుడ్డ చుట్టాడు. వాసనొస్తే చేపల వాసన అన్నాడు."

ఆమె గొంతు గుమ్మానికి దగ్గరగా వినిపించింది.

"నొప్పి ఉండేదా అన్నకి?"

"అదే లేదు అక్కయ్యా. నొప్పుంటే బతికేవాడు. ఈగలు వాలినా తెలిసేది కాదు."

పెట్టెలు కరిగి, గులాబిరంగు నీళ్లు మెట్ల మీంచి అతని చాపలోకి ఇంకుతున్నాయి.

"మొదట్లోనే ఆసుపత్రికి వెళ్లుంటే?"

"వేలు పోయేది. కాలు ఉండేదేమో."

"ఖాయమా?"

"ఖాయమని దేవుడే చెప్పాలి. ఆ పుండు కడిగిన చేతులతో చెప్తున్నా. శవపేటికలో చాపలెందుకు కుక్కారో మీరూ చూశారు."

లతై ముక్కు చీదిన చప్పుడైంది.

"నీ పెండలం నడుమ పచ్చిగా ఉంది."

"ఇంకొన్నాళ్లు ఆగి తవ్వాల్సింది."

"ఆగలేకపోయావా?"

"ఆగలేకపోయాను అక్కయ్యా."

తలుపు కిర్రుమంది. "వీకాని రమ్మను. సెమిసిని బండి ఇంటిదాకా తెమ్మను, మడుగైనా సరే. నువ్వు అటు తిరుగు."

అటు తిరిగాడు. వీకా వచ్చింది. ఆమె భుజం పట్టుకుని లతై మెట్లు దిగుతుంటే అన్న గదిలో పీల్చిన వాసనే మళ్లీ ముక్కుకి తగిలింది. లోపెతి సముద్రం వైపే చూశాడు. గుడ్డ విప్పితే పాదం ఎంత మిగిలిందో అతనికి తెలియకూడదు. తెలియనూ లేదు. బండి దగ్గర సెమిసి చెయ్యి అందించి ఎక్కించాడు. ఎక్కించాక ఉండబట్టలేక అడిగాడు.

"అక్కా, మరి ఈ పెట్టెలు?"

"కరిగిపోతున్నాయి కదరా. పారేస్తే పాపం. లతై వాటా అని చెప్పి లోపెతిని ఇంటింటికీ పంచమను. పిల్లలున్న ఇళ్లకి కాస్త ఎక్కువ పెట్టమను."

బండి ఆసుపత్రి దారి పట్టింది. అప్పటికే కంచె పక్కన గిన్నెలు పట్టుకుని మనుషులు చేరారు. "ఎంత పెద్ద చెయ్యి తల్లీ ఆమెది" అంటున్నారు. ఒకావిడ చంకలో బిడ్డ పెట్టె వైపు చెయ్యి చాపి కేరింతలు కొట్టింది.

అక్క మాట. కాదనే నోరు ఆ దీవిలో ఏ తమ్ముడికీ లేదు. లోపెతి కత్తి తీసి మొదటి పెట్టె కట్టు కోశాడు.