ఈ జాతినే ఎందుకు

గుమ్మం బయట నిలబడి సెల్లోటేపుతో చున్నీ మీది కుక్క వెంట్రుకలు తీసుకుంటున్నాను. రోజూ చేసే పనే. క్లినిక్ నుంచి రాగానే చెప్పుల స్టాండు మీద పెట్టుకున్న టేపు చుట్ట అందుకుని, భుజాల దగ్గర మొదలుపెట్టి అంచుల దాకా ఒక్కో వెంట్రుకా ఊడదీసి అప్పుడు లోపల అడుగుపెట్టాలి. పెట్టి నేరుగా స్నానానికి వెళ్లాలి. మా షార్జా ఫ్లాట్లో దేవుడు వంటింటి అల్మారాలోనే ఉంటాడు కాబట్టి స్నానం కానిదే స్టవ్ ముట్టుకోకూడదు. ఈ పద్ధతి పెట్టింది మా అత్తగారు ఆదిలక్ష్మిగారు. రెండేళ్ల కిందట విజిట్ వీసా మీద వచ్చినప్పుడు పెట్టి, వైజాగ్ వెళ్లిపోయాక కూడా ఫోన్లో నడిపిస్తున్నారు. "మొగుడు సంపాదించి పెడుతున్నాడుగా, కుక్కల దగ్గర ఊడిగం నీకేం ఖర్మే" అంటారు. ఇంట్లో చేసేదాన్ని ఏమనాలో మాత్రం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

"సుభా, అయిందా నీ బొచ్చు కార్యక్రమం? ఇక్కడ టీ పెట్టే దిక్కు లేదు" అని లోపల్నుంచి మా ఆయన రామచంద్రరావుగారు సరదాగా అన్నారు. ఆయన ఏదన్నా సరదాగానే అంటారు. ఆఫీసు వాళ్లకి నన్ను పరిచయం చేసేటప్పుడు కూడా "మా ఆవిడ సుభాషిణి. కుక్కల ఆస్పత్రిలో పెద్ద ఆఫీసరు" అని నవ్విస్తారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే సరదా తెలీని మనిషినవుతాను కదా.

నేను చేసేది రిసెప్షన్ పని. మా డాక్టర్ లాల్ అహ్మద్‌గారిది ఫైసలాబాద్. మంచి మనిషే. ఆయనకి మాత్రం టీ నేనే పెట్టాలి, అది నా పనుల జాబితాలో లేదు, అయినా నేనే పెడతాను. ఆయన ఒక ఫారం తయారుచేసుకున్నాడు. యజమాని పేరు, ఫోన్ నంబరు, కుక్క పేరు, వయసు, జాతి, వేసిన టీకాలు, అన్నిటికీ కింద ఒక ప్రశ్న: ఈ జాతినే ఎందుకు ఎంచుకున్నారు? అది అడిగి రాసుకోవడం నా వంతు. అప్పటిదాకా గలగలా మాట్లాడేవాళ్లు అక్కడికి రాగానే తడబడతారు. నలభై ఎనిమిది డిగ్రీలు కాసే ఊళ్లో మంచు దేశపు హస్కీని కొనుక్కున్న లెబనీస్ ఆయన "కళ్లు నీలంగా ఉన్నాయి" అన్నాడు. ఒకావిడ తెల్ల పామరేనియన్ తమ సోఫాకి బాగా నప్పిందంది. హైదరాబాద్ ఇంజనీరు ఒకాయన కాసేపు తల గోక్కుని, తమ ఆఫీసుని నడిపే ముదీర్ ఇంట్లో కూడా జర్మన్ షెపర్డే ఉందన్నాడు. ఎడారి వేటకుక్క సలూకీని తెచ్చిన స్థానిక అరబ్బు పెద్దాయనకైతే నా ప్రశ్నే అర్థం కాలేదు, వాళ్ల నాన్న దగ్గరా అదే ఉండేదట. ఇవన్నీ నేను బుద్ధిగా రాసుకునేదాన్ని. రాస్తున్నకొద్దీ నాకు అయోమయంగా ఉండేది. పదేళ్లు తమతో ఉండబోయే ప్రాణిని ఇంత చిన్న మాట మీద ఎలా తెచ్చుకుంటారు?

ఒకరోజు డాక్టర్‌గారినే అడిగాను, ఈ ప్రశ్నతో వైద్యానికేం పని అని. ఆయన టీ చల్లార్చుకుంటూ హిందీలో చెప్పాడు. ఈ దేశంలో ఎవరూ శాశ్వతంగా ఉండరు. ఉద్యోగం ఖలాస్ అయితే నెల తిరిగేలోపు వెళ్లిపోవాలి, అప్పుడు చాలామంది కుక్కని వదిలేసి పోతారు. ఎవరు వదిలేస్తారో ముందే పసిగట్టాలని ఆయన ఈ ప్రశ్న పెట్టాడు. "కారణం ఎంత చక్కగా చెప్తే నాకంత భయం, సుభాషిణీ జీ. కారణం తీరిపోతే కుక్కతో పని ఉండదు కదా. తెలీదు అన్నవాళ్లు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ వదల్లేదు."

తెలీదు అన్నవాళ్లలో నాకు బాగా గుర్తున్నది హన్మంతు. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక పాలరాయి వర్క్‌షాపుకి వాచ్‌మన్‌గా ఉన్నాడు. చెవి చిరిగిన గోధుమరంగు ఊరకుక్కని, సిమెంటు సంచీలో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. తెలుగు వినగానే అతని ముఖం విప్పారింది. ఈ కుక్కే ఎందుకని అడిగితే సిగ్గుపడ్డాడు. "ఏం జాతో నాకేమెరుక మేడం. ఎందుకు సాదుకుంటున్ననో గది గుడ ఎరుకలేదు. వచ్చింది, ఉన్నది." నేను తెలీదు అని రాశాను. రెండేళ్లయింది, టీకా తారీకుకి ఒక్కరోజు అటూ ఇటూ కాకుండా వస్తాడు.

హనీ సంగతి వేరు. అది పసుపురంగు లాబ్రడార్. ఫిబ్రవరిలో ఒక బ్యాంకు ఉద్యోగి దంపతులు దాన్ని పదిరోజులు ఉంచుకోమని మా దగ్గర దింపి వెళ్లారు. పదిరోజులు నెల అయింది. ఇద్దరి ఫోన్లూ పనిచెయ్యడం లేదు. వాళ్ల బిల్డింగ్‌కి కాపలా ఉండే నాతూర్‌ని అడిగితే, ఇల్లు ఖాళీ చేసి దేశం వెళ్లిపోయారన్నాడు. హనీ అరవలేదు, తిండి మానలేదు. తలుపుకేసి ముఖం పెట్టి పడుకుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒకసారి తోక ఆడించి మళ్లీ పడుకుంటుంది. ఆ రోజు దాని ఫారం తీసి, చివరి ప్రశ్నకి వాళ్లిచ్చిన జవాబు చూశాను. నా చేతిరాతే. "సాధువు. ఏమీ గొడవ చెయ్యదు. ఎక్కడున్నా సర్దుకుంటుంది."

ఆ సాయంత్రమే, నేను టేపు పని ముగించి స్నానం చేసి వచ్చి టీ పెడుతుంటే, మా అక్షయ వంటింటి గుమ్మంలో నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. ఎనిమిదో తరగతి పరీక్షలు అప్పుడే అయ్యాయి. "అమ్మా, నేను వైజాగ్‌లో ఏ స్కూల్లో చేరుతున్నాను? మిస్ అడిగింది. నాన్న పొద్దున స్కూలుకొచ్చి టీసీకి కాగితం ఇచ్చారంట" అంది. పాలు పొంగాయి. తుడుచుకుంటూ, నాకు తెలిసినట్టే తలూపాను. తెలీదంటే పిల్ల ముందు చిన్నబోతానేమోనని.

రాత్రి అన్నాల దగ్గర అడిగాను. ఆయన పప్పు కలుపుకుంటూ తలెత్తకుండానే చెప్పారు.

"అప్పుడే చేరవేసేసిందా. చెబుదామనే అనుకుంటున్నాను. నన్ను రాస్ అల్ ఖైమా సైటుకి వేశారు. అక్కడ స్టాఫ్ విల్లాలో ఉండాలి, ఫ్యామిలీలకి కుదరదు. మార్చి ఇరవై ఎనిమిదికి మీ ఇద్దరికీ టికెట్లు చెప్పాను. ఈలోపు మీ వీసాలు కాన్సిల్ చేయిస్తాను. వైజాగ్‌లో మన ఫ్లాట్ ఉంది, అమ్మకి తోడుంటావు."

"మరి నా ఉద్యోగం?"

"అదో ఉద్యోగమా సుభా. కాలక్షేపానికి కదా వెళ్లావు."

"రాస్ అల్ ఖైమా గంట దారే కదండీ. వారం వారం రావచ్చు కదా."

"వారం వారం అటూ ఇటూ తిరుగుతూ ఎన్నాళ్లు లాగుతాం. అందరూ పంపించేస్తున్నారు. ముందే చెప్తే నువ్వు బెంగ పెట్టుకుంటావని ఆగాను."

నాకు కోపం రావాలి. రాలేదు. దానికి బదులు, నోట్లోంచి ఆ ఫారం మీది ప్రశ్న వచ్చింది. "నన్నే ఎందుకు ఎంచుకున్నారు మీరు?" పెళ్లయిన పదిహేనేళ్లలో ఇది అడక్కపోలేదు. అప్పట్లో ఆయన ముగ్గురు అమ్మాయిల్ని చూశారు, నేను మూడోదాన్ని. ఫోటో నచ్చిందని ఆడపడుచు అనేది. మీ నాన్న మర్యాద చూసి ఒప్పుకున్నామని అత్తగారు అనేవారు. ఆయన నవ్వేసేవారు. ఆ రాత్రి మాత్రం, నేను ఏడవనందుకు తేలికపడ్డారో ఏమో, చెయ్యి ఆపి నిజంగా ఆలోచించారు.

"నిజం చెప్పనా? మిగతా ఇద్దరూ ఏవేవో అడిగారు. ఎక్కడుంటాం, ఉద్యోగం చెయ్యనిస్తారా అని. నువ్వేం అడగలేదు. ఈ అమ్మాయయితే ఎక్కడున్నా సర్దుకుంటుందనిపించింది. నా అంచనా తప్పలేదు" అని, ప్రేమగానే నా వైపు చూసి, "కాస్త పెరుగు వెయ్యి" అన్నారు.

పెరుగు వేశాను. సిగ్గు లేకుండా చెప్పాలంటే, ఒక్క క్షణం నాకు సంతోషమేసింది. పదిహేనేళ్లకి ఒక జవాబు దొరికింది, అదీ మెచ్చుకోలు. గరిటె గిన్నెలో పెడుతుండగా ఆ మాట ఎక్కడ చదివానో గుర్తొచ్చింది. వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను. కుక్కతో పోల్చుకోవడమేమిటి, ఆయన నాకేం తక్కువ చేశారు, కొట్టారా తిట్టారా, ఎంతమంది మొగుళ్లు భార్య మీద ఇంత నమ్మకంగా ఉంటారు అనుకున్నాను. గిన్నెలు తోముతూ ఇంకోలా అనుకున్నాను. పెళ్లిచూపుల రోజు రాజమండ్రిలో మా ఇంట్లో నేనేమీ అడగకపోవడానికి కారణం నేను సర్దుకునే మనిషిని కావడం కాదు. బి.ఎడ్. పూర్తిచెయ్యనిస్తారా అని అడగాలని ముందురోజంతా మాట కూడబలుక్కున్నాను. నోరెత్తితే సంబంధం తప్పిపోతుందని నాన్న గుమ్మంలోనే హెచ్చరించారు. అంటే ఈయన చూసింది మా నాన్న భయాన్ని. దాన్ని నా స్వభావం అనుకుని చేసుకున్నారు. మరి ఆ తర్వాత పదిహేనేళ్లు సర్దుకున్నది ఎవరు? నేనే కదా. సర్దుకుని సర్దుకుని నిజంగానే అలా తయారయ్యానా, లేక లోపల ఇంకా ఆ ప్రశ్న పట్టుకుని కూర్చున్న పిల్ల ఉందా? ఇంతసేపూ ఒకే గిన్నె తోముతున్నానని కాసేపటికి గాని చూసుకోలేదు. ఇంకో సంగతి కూడా నన్ను తికమక పెట్టింది. నేను ఈయన్ని ఎందుకు చేసుకున్నాను? ఎవరూ నన్ను అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. వెతికితే, దుబాయ్ సంబంధం అన్న మాట తప్ప ఏమీ కనిపించలేదు. నేను మాత్రం ఏం గొప్పగా ఎంచుకున్నానని ఆయన్ని తప్పుపట్టడం?

మర్నాడు క్లినిక్‌లో హనీ యథాప్రకారం తలుపుకేసి చూస్తూ పడుకుంది. దాని పక్కన నేల మీద కూర్చున్నాను. అది తల తెచ్చి నా ఒడిలో పెట్టింది. మంచి కుక్క, ఎక్కడున్నా సర్దుకుంటుంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ అది సర్దుకుందని రాసుకున్నాం. నెలరోజులుగా అది చేస్తున్నది ఎదురుచూడటం. గొడవ చెయ్యదు కాబట్టి ఎవరికీ కనిపించలేదు, అంతే.

లేచి డాక్టర్‌గారి గదిలోకి వెళ్లాను. టీ కప్పు లేకుండా వెళ్లడం అదే మొదటిసారి కావచ్చు, ఆయన నా చేతులకేసి చూశాడు. విషయం చెప్పాను. ఇన్నాళ్లూ మొగుడి వీసా మీద ఉంటూ, ఆయన సంతకం చేసిచ్చిన ఎన్వోసీ మీద పనిచేస్తున్నాను, ఆ వీసా పోతే ఉద్యోగమూ పోతుంది. "క్లినిక్ పేరు మీద వీసా ఇస్తాను" అన్నాడాయన, ఎక్కువ ఆలోచించకుండానే. "కానీ భాయీ సాబ్ అభ్యంతరం లేదని కాగితం ఇవ్వాలి. ఇస్తారా?" ఏమో అన్నాను. మధ్యాహ్నం స్కూలుకి వెళ్లి, అక్షయ టీసీ పని ఆపమని అర్జీ ఇచ్చాను. తల్లి సంతకం చెల్లుతుందా అని అడిగితే క్లర్కు వింతగా చూసి, చెల్లుతుందన్నాడు. అక్కణ్నుంచి రోలా బజారు వైపు వెళ్లి, ఇంకో తెలుగు ఫ్యామిలీతో షేరింగ్‌కి ఉన్న ఒక గది చూసుకున్నాను. ఇద్దరం పడతాం.

ఆ సాయంత్రం గుమ్మం దగ్గర టేపు చుట్ట తీసుకోలేదు. చున్నీ నిండా హనీ వెంట్రుకలతోనే లోపలికి వెళ్లి, ఆయన ముందు బల్ల మీద కాగితం పెట్టాను.

"ఏంటిది?"

"ఎన్వోసీ. క్లినిక్ వీసాకి. అక్షయ మీ వీసా మీదే ఉంటుంది. టీసీ ఆపమన్నాను. రోలాలో గది చూశాను. శుక్రవారాలు మీరు రండి."

ఆయన నవ్వబోయి నా ముఖం చూసి ఆగారు. "నేను సంతకం పెట్టకపోతే?"

"పెట్టకపోతే వైజాగ్ వెళ్లక తప్పదు." కాగితం ఆయన వైపు ఇంకాస్త జరిపాను. "వెళ్తాను. కానీ అక్కడ సర్దుకోను."

ఆయన కాగితం అందుకుని చదివారు. కోపం లేదు ఆయన ముఖంలో. నిజంగానే అర్థం కాలేదు. నిన్నటిదాకా తన ఇంట్లో ఉన్న మనిషి ఎటు పోయిందని వెతుకుతున్నట్టు నా చున్నీకేసి, ఆ వెంట్రుకలకేసి చూశారు. "ఏముంది సుభా ఇక్కడ నీకు? సొంత ఇల్లు వదిలేసి ఒక గదిలో పడి ఉంటావా? ఎందుకింత పట్టుదల? ఒక్క కారణం చెప్పు, పెడతాను సంతకం."

వెతికాను. జీతమా, అక్షయ చదువా, హనీయా, ఎప్పటిదో ఆ బి.ఎడ్. కోపమా? అన్నీ కొంచెం కొంచెం నిజాలే. ఏ ఒక్కటీ ఆ ఫారంలో రాసేంతది కాదు.

"తెలీదండీ" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. హాయిగా కుర్చీలో వెనక్కి వాలి, "చూశావా, కారణమే లేదు. రెండ్రోజుల్లో నువ్వే వదిలేస్తావు" అన్నారు.

రెండేళ్లుగా నేను ఏ క్లినిక్‌లో పనిచేస్తున్నానో ఆయనకి తెలుసు. తెలీదు అన్నవాళ్లలో ఇంతవరకూ ఒక్కరూ వదిలిపెట్టి వెళ్లలేదని మాత్రం తెలీదు, అక్కడి సంగతులు ఆయన ఎప్పుడూ నన్ను అడగలేదు. కలం మూత తీసి కాగితం పక్కన పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చున్నాను.