వానకి తడిసే అక్క ఫోటో

ఆ ఊళ్లో చినుకు పడితే ఆడవాళ్లు ముందు దండెం మీది బట్టలు తీస్తారు, తర్వాత గోడ మీది ఫోటోలు తుడుస్తారు. ఏ వీధిలో తీసిన ఫోటో అయినా ఆ వీధి తడిస్తే తనూ తడుస్తుంది, ఎండ కాస్తే ఆరుతుంది. లోపలి మనుషులు మాత్రం నిలబడ్డచోటే నిలబడి ఉంటారు.

కుట్టుపని చేసే చెల్లెలు ఆ పొద్దున మిషను ఆపి అక్క ఫోటో తుడిచింది. అమ్మ మిషను ఎవరిదన్న తగువులో ఇల్లు విడిచిన అక్క అది. వీధుల్లో ఫోటోలు తీసే ఆయన పోయాక, ఆయన భార్య పెట్టె సర్దుతుంటే ఈ ఫోటో దొరికింది. అందులో అక్కకి జుట్టు నెరిసి ఉంది. వెనక ఎడమకి ఎక్కే మెట్లు, గుండ్రటి కిటికీ, విరిగిన పంపు. ఊరి పేరో వీధి పేరో చెప్పే బోర్డు ఒక్కటీ లేదు.

వచ్చే వారం చెల్లెలు కూతురి దగ్గరికి మకాం మార్చేస్తోంది. ఆ తర్వాత అక్క వచ్చి తలుపు తడితే తీసేదెవరు? ఆమె బెంగంతా అదే.

పక్క కొట్టు గడియారాలాయన భూతద్దం పెట్టి చూసి, పంపు తుప్పు చూస్తే సముద్రపు ఊరే అన్నాడు. మన చూరు కారినప్పుడే ఇదీ తడుస్తోంది కదా, అక్క ఈ ఊళ్లోనే ఉందంది చెల్లెలు. ఉత్తరాలు పంచుతూ అటొచ్చిన పోస్టాయన ఒప్పుకోలేదు. తను తిరగని సందు లేదట, ఎడమకి మెట్లెక్కే సందు అసలే లేదట.

"ఈ కోటు కుట్టు ఎవరిదో చూడమ్మా," అని గడియారాలాయన భూతద్దం చేతికిచ్చాడు.

చెల్లెలు చాలాసేపు చూసింది. "ఈ కోటు నేను కుట్టిందే. ఇంకా వేసుకుంటోంది." మళ్లీ వంగింది. "మా అక్కది ఎడమచేతి వాటం. అందరికీ ఎడమవైపు పెట్టే జేబు దానికని కుడివైపు కుట్టాను. ఇందులో ఎడమకెలా వచ్చింది?"

ఫోటోలాయన భార్యని అడిగితే నవ్వేసింది. చివర్లో ఆయనకి చూపు ఆనేది కాదట, నెగటివు తిరగేసి ప్రింటు తీసేవాడట.

గోడ మీది అద్దం దించి ఫోటోని దానికి ఎదురుగా పట్టారు. మెట్లు కుడికి ఎక్కాయి. పోస్టాయన గొంతు సవరించుకున్నాడు. అది పంపు సందు. నిన్న కూడా అటే వెళ్లాడు.

"ఆ చివరింటికి ఉత్తరాలు రావు మరి," అన్నాడు.

"ఉత్తరం రాని మనిషి నీకు కనపడదులే," అన్నాడు గడియారాలాయన.

చెల్లెలు అప్పటికే చెప్పులేసుకుంది.

సందు మలుపు తిరిగేసరికి వాన వెలిసి వెనక నుంచి ఎండ వచ్చింది. గుండ్రటి కిటికీ కింద గడప మీద ఒకామె తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కడం లేదు. చెల్లెలు దగ్గరికెళ్లి నిలబడింది. చేతిలోని ఫోటోలో, అక్క పాదాల మీద, ఒక కొత్త నీడ పడింది.

"ఎవరమ్మా, వెలుతురుకి అడ్డం? కాస్త జరుగు," అంది అక్క తలెత్తకుండానే.

చెల్లెలు జరగలేదు. కూర్చుని ఆ సూదీ దారం అందుకుంది. దారం కొస నోట్లో తడిపి మెలిపెట్టి ఒక్కసారికే ఎక్కించింది. ఆ మెలిపెట్టడం ఇద్దరికీ అమ్మ నేర్పింది.

అక్క తలెత్తింది.