తాళం వేసిన స్నాప్‌షాట్

ఆసుపత్రి డేటా అంతా దాచే మెషిన్ గదిలో, చలికి స్వెటర్ మీద మఫ్లర్ చుట్టుకుని, డిస్కుల బాబాయ్ ఒక్కొక్క పెట్టె ముందూ వంగి దీపాలు చూస్తున్నాడు. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పచ్చదీపానికి తలాడిస్తాడు. పసుపుది వెలిగితే "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అంటాడు. పలకరించడానికి ఆ గదిలో ఇంకెవరున్నారు గనక!

ఫోన్ మోగింది. స్కానింగ్ విభాగం అమ్మాయి.

"బాబాయ్, కొంప మునిగింది! ఆపరేషన్ సగంలో ఉండగా తెరమీద స్కాన్ మాయమైంది. ఒక్కటీ తెరుచుకోవట్లేదు. సర్జన్‌గారు నన్ను నమిలి మింగేసేలా ఉన్నారు."

"కంగారుపడకు తల్లీ. ఫోన్ పెట్టేయకు, చూస్తున్నా."

డిస్కుల్లో నిల్వ జాగా మొత్తం నిండిపోయింది. జాగా లేక, రాస్తున్నది సగంలో తెగి, స్కాన్లన్నీ ఉన్న వాల్యూమ్, అంటే డిస్కుల్లో వాటికి కేటాయించిన భాగం, పాడైంది. దీనికి మందు ఆయనకు కొట్టిన పిండే. గంటగంటకూ తీసే స్నాప్‌షాట్లు, అంటే ఆ గడియకు డేటా ఎలా ఉందో అలా పట్టి ఉంచిన రూపాలు, ఉండనే ఉన్నాయి. చెడకముందుదాని నుంచి క్లోన్ అనే నకలు తీసి, అందులో తెరిచి చూసి, బాగుందని తేలాక థియేటర్‌కు ఇవ్వాలి. ఆ నకలు నడవాలన్నా కాస్త జాగా కావాలి.

జాగాను మింగిందెవరో ఆయనకు తెలుసు. అన్నిటికన్నా అడుగున, దానంతటది చెరిగిపోకుండా తాళం వేసి దాచుకున్న పాత స్నాప్‌షాట్.

చనిపోయినవాళ్ల రికార్డులను ఆసుపత్రి కొన్నేళ్లకు చెరిపేస్తుంది. భార్యవి చెరిపే ముందు ఆయన తీసుకున్నది అది. అందులో ఆమె గుండె స్కాన్ వీడియో ఉంది. మధ్యాహ్నాలు దానికో క్లోన్ తీసి తెరిచి, ఆ గుండె కొట్టుకోవడం చూస్తూ, వింటూ అన్నం తింటాడు. ఫొటోల్లో ఆమె ఎప్పుడూ బిగుసుకుపోయేది. ఇందులో మాత్రం కదులుతుంది. ఇంకొకరైతే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకునేవారు. రోగుల రికార్డులు అలా ఎక్కించకూడదన్న నియమం రాసిందే ఈయనాయె! పాత స్నాప్‌షాట్ ఊరికే కూర్చోదు. తర్వాత మారిన ప్రతిదాని పాత రూపాన్నీ పట్టుకుని లావెక్కుతుంది. రేపు తీసేద్దాం, రేపు తీసేద్దాం అనుకుంటూనే ఇంతదాకా తెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ వీడియో ఒక్కదాన్నే బయటికి తీద్దామన్నా దానికీ క్లోన్ కావాలి. జాగా ఏదీ?

"బాబాయ్, ఉన్నారా? రక్తం ఆగట్లేదంట. స్కాన్ చూడందే ముందుకెళ్లలేమంటున్నారు."

"ఆ... ఉన్నానమ్మా."

తాళం తీశాడు. నిజంగా తొలగించాలా అని యంత్రం అడిగింది. ఎంత మర్యాద దానికి! ఫోన్‌ను చేత్తో మూసి, "ఇక వెళ్లిరా" అని మెల్లగా అన్నాడు. మీట నొక్కాడు.

జాగా వచ్చింది. క్లోన్ తీసి, ఆ రోగి స్కాన్ తెరిచి చూశాడు. చెక్కుచెదరలేదు. థియేటర్ తెరకు కలిపాడు.

"వచ్చేసింది బాబాయ్! రక్తం ఎక్కడ్నుంచి కారుతోందో కనిపించిందట. అసలు మీ దగ్గర ఏదీ పోదు కదా!"

"ఏం పోలేదమ్మా."

మధ్యాహ్నం ఆయన క్యాంటీన్‌కు వెళ్లాడు. అక్కడ ఆయన్ని ఎప్పుడూ చూడనివాళ్లు ఆశ్చర్యపోయి, కాస్త జరిగి చోటిచ్చారు. మెషిన్ గదిలో, ఆ గుండె చప్పుడు వినడానికి కొనుక్కున్న ఇయర్‌ఫోన్లు యంత్రానికి తగిలించే ఉన్నాయి, ఒకటి బల్ల అంచు మీంచి కిందికి వేలాడుతూ.