ప్రగతి బొమ్మలో ఓబుళప్ప

సర్కారు వారి ప్రగతి రాజధానిలో పుట్టి, కోస్తా జిల్లాలన్నీ చుట్టి, ఒంటినిండా గీతలు పడి, నాలుగైదు చోట్ల తెగి అతుకులు వేయించుకుని, నాలుగో ఏటికి గానీ పెనుకొండ చేరలేదు. ప్రగతి అంటే ఇక్కడ సినిమా రీలు. ఆ ఏడాది కట్టిన ఆనకట్టలు, తెరిచిన ఆసుపత్రులు, వచ్చిపోయిన యాత్రికులు, తవ్విన బావులు, అన్నిటినీ కలిపి ఇరవై నిమిషాల బొమ్మగా తీసి, వ్యానులో పెట్టి ఊరూరా ఉచితంగా చూపించేవారు. 1959లో తీసిన బొమ్మ 1963 ఎండాకాలంలో వచ్చింది. ఆలస్యమైందని ఎవరూ నొచ్చుకోలేదు. ఈ సీమకు వానే వేళకు రాదు, ఇక రీలు వస్తుందా.

ఆ రోజు పెనుకొండ సంత. బోడిగుట్టపల్లి చౌడక్క కట్టెల మోపు అమ్ముకుని, పక్కింటి యల్లక్కతో కలిసి ఊరిదారి పట్టింది. బస్టాండు పక్క బయల్లో తెల్లగుడ్డ కట్టి, వ్యాను మీది మైకులో రండి రండని పిలుస్తుంటే యల్లక్క కాలు ముందుకు పడలేదు.

"ఉత్తపుణ్యానికి బొమ్మ చూపిస్తాండారు. చూసి పోదాం రామ్మే," అంది.

"పాపను అవ్వ దగ్గర వదిలిపెట్టి వచ్చినా. నాకు పనుండాది," అంది చౌడక్క.

యల్లక్క వింటేనా. చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. పొద్దు గూకగానే బొమ్మ మొదలైంది. ముందు ఆనకట్ట, తరువాత ఆసుపత్రి. ఆ తరువాత లేపాక్షి బసవన్న తెరంతా నిండిపోయాడు. మన శిల్ప సంపదను తిలకించడానికి దేశదేశాల నుంచి యాత్రికులు తరలివస్తున్నారని ఒక మగగొంతు గంభీరంగా చెప్పింది. "రాతి ఎద్దును చూసేదానికి రైలెక్కి వస్తారంట, పనిలేనోళ్ళు," అని యల్లక్క నవ్వింది. చౌడక్క ఆవులించింది.

అప్పుడు బావి వచ్చింది. నలుగురు మనుషులు తట్టలు నెత్తిన పెట్టుకుని మెట్లమీద నుంచి పైకి వస్తున్నారు. మూడో మనిషిని చూడగానే చౌడక్క ఆవులింత సగంలో ఆగిపోయింది. ముందు ఆ నడకను గుర్తుపట్టింది. ఎడమ కాలు కొంచెం బయటికి వేసి నడిచే నడక. మొహం ఆ తరువాత తెలిసింది. ఆ మనిషి తట్ట దించి, మోచేత్తో నుదురు తుడుచుకుని, తిన్నగా ఇటే చూసి నవ్వాడు. ఎవరో పక్కనుంచి అదిలించినట్టున్నారు, తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. వెంటనే ట్రాక్టరు వచ్చింది. అంతా కలిపి ఒక చెంబెడు నీళ్ళు తాగినంత సేపు.

చౌడక్క లేచి నిలబడింది. వెనక వాళ్ళు కూర్చోమని అరిచారు.

"ఏమైందే?" అంది యల్లక్క.

"ఆయప్ప," అంది చౌడక్క. "మా యింటాయప్ప."

ఓబుళప్ప పోయి అప్పటికి నాలుగేళ్ళు. వానలు లేని నెలల్లో బావి పనికి కూలికి పోయేవాడు. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, "ఈ పొద్దు మోటరులో వచ్చి నన్ను బొమ్మ పట్టుకోని పోయినారే," అన్నాడు. చౌడక్క పొయ్యి ఊదుతూ, "నీ మొగానికి బొమ్మ ఒకటే తక్కువ," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. పదకొండో రోజున బావి ఒడ్డు విరిగిపడింది. దిగినవాళ్ళు నలుగురు. ముగ్గురు పైకి వచ్చారు. తరువాత ఆ బావిలో తియ్యటి నీళ్ళే పడ్డాయి, ఆ ఊరంతా ఇప్పటికీ తాగుతోంది. తెర మీది గొంతు బావి గురించి చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. చెప్పనిది మాత్రం ఒకటి ఉండిపోయింది.

ఆ రోజులకు చౌడక్కకు నెల తప్పి ఉంది. ఇంకో నెల చూసి ఖాయమయ్యాక చెబుదాంలే అని ఊరుకుంది. మంచి మాట చెప్పడానికి కూడా ఆలస్యం చేసే మనుషులుంటారు, చౌడక్క ఆ రకం. ఆ మాట చెప్పకుండానే మొగుణ్ణి సాగనంపింది. ఆ తరువాత పుట్టిన ఉలిగమ్మకు ఇప్పుడు మూడున్నరేళ్ళు. తండ్రికి కూతురు ఉందని తెలియదు, కూతురికి తండ్రి మొహం తెలియదు. ఇంట్లో పటం అంటూ ఒకటుంటే దేవుడిదే. ఓబుళప్ప ఎట్లుంటాడని పిల్ల అడిగినప్పుడల్లా చౌడక్క ఏదో చెప్పేది, చెప్పినకొద్దీ తనకే ఆ మొహం మసకబారిపోయేది.

జనం లేచిపోయారు. చౌడక్క వైర్లు చుట్టుకుంటున్న ఆపరేటరు దగ్గరికి పోయి నిలబడింది. అతని పేరు జయరాముడు, హిందూపురం మనిషి, నలభై దాటినవాడు.

"సామీ, ఈ బొమ్మ మళ్ళ యాడ వేస్తారు?"

"ఏమ్మా, అంత బాగుండాదా? నాకే విసుగొచ్చి చస్తాండా."

"బావిలో నుంచి వచ్చి నగుతాడే ఒకాయప్ప, ఆయప్ప మా యింటాయన. ఇప్పుడు లేడు."

జయరాముడు వైరు చుట్టడం ఆపాడు. ఆ నవ్వే మనిషిని అతను నాలుగు వందల సార్లు చూసి ఉంటాడు.  తరువాత చెప్పాడు. ఎల్లుండి ధర్మవరం, శుక్రవారం హిందూపురం, అంతే. కొత్త ఏడాది రీలు వచ్చేసింది. ఇది వెనక్కు పోతుంది.

"వెనక్కు పోయినాక ఏం చేస్తారన్నా?"

"పాత ఏటి బొమ్మతో ఎవురికి పనుంటాది తల్లీ. మూలన పడేస్తారు."

ఇంటికి పోయేదాకా చౌడక్క మనసులో ఒకటే ఉంది.  ఆ ఇద్దరినీ ఒక్కసారి ఎదురుబొదురుగా కూర్చోబెట్టాలి. కూతురు తండ్రిని చూడాలి, అది పైకి చెప్పే మాట. చెప్పనిది, ఓబుళప్ప తెరలోంచి తిన్నగా ఇటే చూస్తాడు కదా, ఆ చూపు పడేచోట బిడ్డను కూర్చోబెట్టాలి. తెర మీది మనిషికి కళ్ళు కనబడవని ఆమెకు తెలియక కాదు. తెలిసీ, నాలుగేళ్ళుగా గొంతులో ఉండిపోయిన ఆ మాట ఆ రకంగానైనా చెప్పుకోవాలని ఆశ.

ధర్మవరానికి తల్లీకూతుళ్ళు పాసింజరు బండిలో పోయారు. దారి పొడుగునా పిల్లకు పాఠం చెప్పింది. తట్ట, నడక అంటే పిల్లకు గుర్తుండదని, సులువుగా గుర్తుండే ఆనవాలు ఎంచుకుంది.

"పెద్ద బసవన్న వస్తాడు. బసవన్న వచ్చినాక ఒక మనిషి మనల్ని చూసి నగుతాడు. ఆ మనిషే మీ నాయన. ఏం చెప్పినా?"

"బసవన్న వస్తాడు. నగుతాడు. నాయన," అంది ఉలిగమ్మ. బండిలో ఉన్నవాళ్ళందరికీ ఒక్కొక్కరికీ అదే చెప్పింది.

ధర్మవరంలో ఆ పొద్దు బొమ్మకు ముందు ఉపన్యాసాలు. ఊరి పెద్దమనిషి ఒకాయన లేచి, సర్కారు ఏడాదిలో ఏమేమి సాధించిందో చెప్పడం మొదలుపెట్టాడు. అదంతా కాసేపట్లో బొమ్మలో కనబడబోయేదే. అయినా ఆయన వదల్లేదు. మగ్గం దిగి వచ్చిన నేతగాళ్ళు కూర్చున్నచోటే కునికారు. ఆయన ముగించాక ఆయనను పొగడడానికి ఇంకొకాయన లేచాడు. అన్నం తినే వేళ కూడా దాటిపోయింది. ఉలిగమ్మ నిద్రపోయింది.

బసవన్న రాగానే చౌడక్క పిల్లను కుదిపింది. గిల్లింది. కొంగు తడిపి మొహం తుడిచింది. పిల్ల ఒకసారి కళ్ళు తెరిచి, ఏడ్చి, తల్లి భుజం మీద మొహం అటు తిప్పుకుని మళ్ళీ నిద్రపోయింది. తెర మీద ఓబుళప్ప తట్ట దించాడు, నుదురు తుడుచుకున్నాడు, నవ్వాడు, వెళ్ళిపోయాడు. బిడ్డ వీపు చూసి నవ్విపోయాడు. చౌడక్కకు ఆ పెద్దమనిషిని నాలుగు కడిగేయాలన్నంత కోపం వచ్చింది. ఎవరినీ ఏమీ అనలేక బిడ్డను ఎత్తుకుని ఏడ్చింది.

జయరాముడు చూశాడు. దగ్గరికి వచ్చి అన్నాడు. "ఏడవొద్దక్కా. హిందూపురంలో పగటి పూట ఎగ్జిబిషను. బడి హాల్లో కిటికీలకు కంబళ్ళు కట్టి పదకొండు గంటలకే వేస్తా. పాప నిద్రపోదు. నేనే ముందు వరసలో కూచోబెడతా."

శుక్రవారం ఉలిగమ్మకు తలంటు పోసింది. యల్లక్క కూతురి గౌను అడిగి తెచ్చి తొడిగింది. నూనె రాసి, జడ వేసి, బొట్టు పెట్టి, పెళ్ళిచూపులకు సింగారించినట్టు సింగారించి, తెల్లవారుజాము బండిలోనే హిందూపురం చేర్చింది. బడి హాల్లో కుర్చీలన్నీ ఆఫీసర్లకు. కుర్చీల ముందు పరిచిన జంపఖానా మీద, తెరకు సరిగ్గా ఎదురుగా జయరాముడు వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టాడు. పిల్ల కళ్ళు విప్పార్చుకుని ఉంది.

ఆనకట్ట వచ్చింది, పోయింది. ఆసుపత్రి వచ్చింది, పోయింది. బసవన్న వచ్చాడు.  చౌడక్క పిల్ల గడ్డం పట్టుకుని తెరవైపు నిలిపింది.

బసవన్న మెడ కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తెల్ల ప్యాంటు, నెత్తిన టోపీ, భుజాన కెమెరా. ఎక్కడినుంచో వచ్చిన యాత్రికుడు. ఇటు తిరిగి, చూస్తున్నవాళ్ళందరినీ చూసి పళ్ళు కనబడేట్టు నవ్వాడు. రెండుసార్లు చూసిన బొమ్మే. రెండుసార్లూ చౌడక్క కళ్ళు ఆ మనిషి మీదుగా జారిపోయాయి. మొదటిసారి ఆవులిస్తూ ఉంది, రెండోసారి నిద్రపోతున్న పిల్లను కుదుపుతూ ఉంది, అలాంటి మనిషి ఒకడున్నాడనే ఆమెకు తెలియదు.

"నాయన!" అని ఉలిగమ్మ ఎగిరి చప్పట్లు కొట్టింది. "మా, నాయన వచ్చినాడు! నగినాడు!"

కుర్చీల్లో వాళ్ళు నవ్వారు.

"ఆయప్ప కాదే. ఇంగా వస్తాడు. అట్ల చూడు పాపా, అట్ల చూడు."

పిల్ల ఎందుకు చూస్తుంది. చూడవలసింది చూసేసింది. తిరిగి తల్లి మెడ కావలించుకుని, సంతోషం పట్టలేక మొహం ఆమె గొంతు కింద దాచుకుంది. చౌడక్క ఆ చేతులు విడిపించబోయింది. ఆట అనుకుని పిల్ల ఇంకా గట్టిగా పట్టుకుని కిలకిల నవ్వింది. కఠిన శిలలను ఛేదించి, అంటూ గొంతు బావుల గురించి చెప్పడం చౌడక్క చెవిన పడింది. "చూడే, నీ కాళ్ళు మొక్కుతా, చూడే," అంటూ మూడున్నరేళ్ళ బిడ్డ తలను రెండు చేతులా పట్టి బలవంతాన తిప్పింది. తిప్పి తనూ తల ఎత్తేసరికి తెర మీద ట్రాక్టరు దున్నుతోంది.

బిడ్డ చూడలేదు. బిడ్డను తిప్పే తొందరలో తనూ చూడలేదు.

లైట్లు వేశారు. జయరాముడు రీలు తీసి డబ్బాలో పెట్టి, రెండో డబ్బా మూత తెరుస్తున్నాడు. చౌడక్క బిడ్డతో సహా అక్కడికి పోయింది. ఏమని అడగాలో ఆమెకే తెలియలేదు.

"చూసిందా పాప?" అన్నాడు అతను ఎంతో ఆశగా.

ఉలిగమ్మే చెప్పింది. "మా నాయనను చూస్తిని. టోపీ పెట్టుకోని ఉండాడు. బసవన్న కాడ."

జయరాముడి మొహంలో నవ్వు పోయింది. నాలుగు వందల సార్లు చూసినవాడు, అర్థం కాకపోవడానికేముంది. పాత డబ్బా మీద చెయ్యి వేసి, ముందు కుర్చీలో ఉన్న ఆఫీసరు దగ్గరికి పోయి వంగి ఏదో అడిగాడు. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. వాచీ చూసుకుని, "ఇప్పుడెక్కడయ్యా, టైము లేదు. పాతది చాలు, కొత్త సంవత్సరం వేయి," అన్నాడు. లైట్లు మళ్ళీ ఆర్పేశారు. చౌడక్క గుమ్మం దగ్గర నిలబడి కొత్త ఏడాది ప్రగతిని కూడా చివరిదాకా చూసింది. అందులో ఇంకా ఎక్కువ బావులు ఉన్నాయి. ఎవరెవరో తట్టలు మోశారు.

స్టేషనులో బండి కోసం కూర్చున్నప్పుడు బిడ్డను ఒళ్ళోకి తీసుకుని నెమ్మదిగా మొదలుపెట్టింది.

"పాపా, ఆ టోపీ ఆయప్ప మీ నాయన కాదే."

ఉలిగమ్మ పెదవి వణికింది. "నువ్వే చెప్తివి కదా మా. బసవన్న వచ్చినాక నగే మనిషి అంటివి కదా."

 బిడ్డ తప్పేముంది, చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది. కాదంటే ఇక చూపించడానికి ఇంకో మొహం తన దగ్గర లేదు. ఉన్న ఒక్కటీ డబ్బాలో పడి వెనక్కు పోతోంది. తల్లి మాట్లాడకపోయేసరికి గెలిచాననుకుని ఉలిగమ్మ మళ్ళీ హుషారైంది. గౌను అంచు సర్దుకుంది.

"నాయన నన్ను చూసే నగినాడు మా," అంది. "నిన్ను చూడలే."

"ఔను తల్లీ," అంది చౌడక్క. "నన్ను చూడలేదు."