ఒంటి తీగలు

ఫిలిప్ గొంతు పోయి నాలుగు నెలలైంది. ఇరవై ఎనిమిదేళ్లు విజయవాడ–మైలవరం బస్సులో కండక్టరుగా స్టాపుల పేర్లు అరిచిన గొంతు అది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మిగతా అందరూ వెనకే అందుకునేవాళ్లు. క్యాన్సరని డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. మెడ కింద రంధ్రం పెట్టి, ఇకనుంచి ఊపిరి అందులోంచే అన్నారు. ప్రాణం దక్కింది చాలని భార్య హెలెన్ దేవునికి స్తోత్రం చెప్పుకుంది. దక్కిన ప్రాణం ఆయనకే అక్కర్లేకుండా పోతుందని అప్పుడామెకు తోచలేదు.

మొదట తిండి తగ్గించాడు. తర్వాత, చెప్పదలుచుకున్నది రాసే నోటుపుస్తకాన్ని మంచం కిందికి తోసేశాడు. పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకునేవాడు. హెలెన్ అంగన్‌వాడీ టీచరు. అక్కడ పిల్లలకు గుడ్లు వలిచి పెడుతున్నా మనసంతా ఇంటి దగ్గరే. పక్కింటి శౌరమ్మను ఆయన దగ్గర కూర్చోబెడితే తప్ప గడప దాటేది కాదు.

ఒకరోజు ఆమె వచ్చేసరికి ఫిలిప్ లేచి కూర్చున్నాడు. ఏళ్లుగా బీరువా మీద దుమ్ముకొట్టుకుపోయిన వాళ్ల తాత మాండొలిన్ ఒళ్లో ఉంది. మిషన్ ఆసుపత్రి డాక్టరు దొర తన దేశం వెళ్లిపోతూ తాత చేతిలో పెట్టిన వాయిద్యం. చిన్నప్పుడు తాత దగ్గర ఫిలిప్ దానిమీద కాస్త వాయించడం నేర్చుకున్నాడు. దాని వీపు సగానికి కోసిన గుమ్మడికాయలా ఉంటుంది. ఫిలిప్ తుప్పుపట్టిన తీగ ఒకటి మీటాడు. అది ఫట్‌మని తెగి వేలు కోసింది. మాండొలిన్ పక్కకు నెట్టి మళ్లీ గోడవైపు తిరిగాడు.

నాలుగు నెలల్లో ఆయన తనంతట తాను చెయ్యిచాచి అందుకున్న వస్తువు అదొక్కటే. మర్నాడే హెలెన్ దాన్ని దుప్పట్లో చుట్టుకుని విజయవాడ బస్సెక్కింది.

గవర్నర్‌పేటలో సంగీత వాయిద్యాల షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగా పాతదండి. సన్నరకం తీగలు చూడమంటారా మేడం?"

"వద్దండీ. గట్టివి ఇవ్వండి. మళ్లీ తెగకూడదు."

"ఇది తట్టుకుంటుందో లేదో..."

"లావుపాటివే వెయ్యండి," అంది హెలెన్.

ఆయన ఎనిమిది తీగలూ బిగించి ఇచ్చాడు. ఆ సాయంత్రం ఫిలిప్ బిరడాలు తిప్పి శ్రుతి చేసుకుని ఒక కీర్తన సగం దాకా వాయించాడు. అడగకుండానే నాలుగు ముద్దలు తిన్నాడు. హెలెన్ వంటింట్లోకి వెళ్లి, చప్పుడు కాకుండా ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం శౌరమ్మ అంగన్‌వాడీకి పరుగెత్తుకొచ్చింది. "ఏదో విరిగిన చప్పుడైందే హెలెనూ. మీ ఆయన కదలట్లేదు, పిలిస్తే ఇటు చూడట్లేదు."

మాండొలిన్ పై పలక, తీగల్ని మోసే గుర్రం కింద లోపలికి కుంగిపోయింది. పొడుగునా జానెడు చీలిక. ఫిలిప్ నోటుపుస్తకంలో ఒక్క మాట రాసి పెట్టాడు: ఇదీ పోయింది.

ఆ రోజు మంచినీళ్లు కూడా ముట్టలేదు. హెలెన్ కాళ్లు పట్టుకుని బతిమాలింది. పాదాలు వెనక్కి లాక్కున్నాడు. చర్చిలో తబలా వాయించే యేసుబాబుకి ఫోన్ చేస్తే, "మంగళగిరిలో రామకోటేశ్వరరావు గారని వీణలు బాగుచేస్తారు వదినా. నేను అన్న దగ్గరుంటాను, నువ్వు వెళ్లు," అన్నాడు.

శనివారం పొద్దున్నే రెండు బస్సులు మారి వెళ్లింది. రామకోటేశ్వరరావుకి డెబ్బై దాటి ఉంటాయి. చిన్న అద్దం, టార్చిలైటు పెట్టి మాండొలిన్ లోపలంతా చూశాడు.

"ఎవరమ్మా ఈ తీగలు వేయించింది?"

"నేనేనండీ."

"పలక పల్చటిది, ఎండి అట్టలా ఉంది. ఇంత లావు తీగలు ఎనిమిది బిగిస్తే ఆ లాగుడుకి ఎట్లా ఆగుతుంది? లోపల పలకకి ఊతంగా ఉండే బద్ద కూడా ఊడింది. పది రోజులు ఇక్కడ వదిలెయ్యండి."

"పది రోజులు ఆయన ఉండరండీ," అంది హెలెన్.

"వాయిద్యం గురించి మాట్లాడుతుంటే మనిషి గురించి చెప్తారేంటమ్మా," అని విసుక్కున్నాడు ముసలాయన. ఆమె చెప్పింది. గొంతు తీసేయడం, గోడవైపు తిరిగి పడుకోవడం, సన్నవి చూడమన్నా తను వినకపోవడం, అన్నీ. చెబుతూ చెబుతూ అరుగు మీద కూర్చుండిపోయింది. ఆయన టార్చి ఆపి పక్కన పెట్టాడు.

"రేపు మధ్యాహ్నం రండి. అంతకుముందు జిగురు ఆరదు."

ఆదివారం హెలెన్ చర్చికి వెళ్లలేదు. ఊహ తెలిశాక అదే మొదటిసారి. మంగళగిరి వెళ్లేసరికి మాండొలిన్ చీలిక అతికి, గీతలా మిగిలింది. ముసలాయన రెండు పొట్లాలు ముందు పెట్టాడు. "ఇవి మధ్యరకం. ఇవి బాగా సన్నవి. సన్నవే వేద్దాం, అవీ జంటలుగా వద్దు, ఒంటి తీగలే. ఎనిమిదికి బదులు నాలుగు. శ్రుతి కూడా ఒక మెట్టు దించాలి. అప్పుడు బతుకుతుంది. కానీ శబ్దం సగమే వస్తుంది."

"ఆయనకి వినపడితే చాలండీ."

"ఇంట్లో దీంతోపాటు ఎవరైనా పాడతారా? పాడేవాళ్ల శ్రుతికి ఇది అందదు."

"పాడరండీ," అంది. 

ఇంటికొచ్చి మాండొలిన్ మంచం మీద పెట్టింది. ఫిలిప్ ఇటు తిరగలేదు. హెలెన్ ఆయన వీపుతోనే మాట్లాడింది. "విరగ్గొట్టింది మీరు కాదండీ. షాపాయన సన్నవి వేద్దామన్నాడు. నేనే లావువి కావాలని పట్టుబట్టాను. మీరు తొందరగా లేవాలని, గట్టిగా వాయించాలని." లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

చాలాసేపటికి ఒక తీగ పలికింది. చిన్న చప్పుడు, దోమ రొదలా. ఆగింది. మళ్లీ పలికింది. మూడో తీగకి బిరడా ఎంత తిప్పినా శ్రుతి కుదరడం లేదు. మీటడం, దించడం, మళ్లీ బిగించడం. హెలెన్ అన్నం కలిపి తీసుకెళ్లింది. ఆయన మాండొలిన్‌ని గుండెకి ఆనించుకుని, చెవి ఒగ్గి వింటున్నాడు. కంచం చూడగానే మొహం చిట్లించి, అక్కడ పెట్టి వెళ్లమని చెయ్యి విసిరాడు. నాలుగు నెలలుగా ఆయనకు కోపం కూడా రాలేదు. ఆమె కంచం స్టూలు మీద పెట్టి గుమ్మం పక్కన నిలబడింది, తింటాడో తినడో తెలియక.

అన్నం చల్లారిపోయాక తిన్నాడు, సగం.

ఫిలిప్ మళ్లీ చర్చిలో ముందు నిలబడలేదు. గోడవైపు తిరిగి పడుకునే రోజులు ఆ తర్వాతా చాలానే వచ్చాయి. ఆ మూడో తీగ మాత్రం ఆయన్ని వదల్లేదు. రెండు వారాలు చూసి, చొక్కా గుండీలు తనే పెట్టుకుని, మాండొలిన్ చంకన పెట్టుకుని, మంగళగిరి వెళ్దాం పదమని హెలెన్‌కి సైగ చేశాడు. రామకోటేశ్వరరావు ముందు కూర్చుని, నోటుపుస్తకంలో పేజీన్నర రాశాడు. ముసలాయన కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"తీగ మంచిదే. మీరు మీటడంలోనే ఉంది తేడా," అన్నాడు.

ఫిలిప్ పుస్తకం లాక్కుని మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.